బండికి బ్లూటూత్ పాటలు: వాట్ల సంగతి తర్వాత, ముందు బ్యాటరీ లెక్క

మోటార్ సైకిల్‌కి మ్యూజిక్ సిస్టం పెట్టించుకోవాలనుకునేవాళ్లు షాపులో మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అని. అడగాల్సింది అది కాదు. బండి బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లు (అంటే ఎంత కరెంటు దాచుకోగలదు), ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు దానికి ఎంత చార్జింగ్ అందుతోంది అన్నవి తెలిశాకే స్పీకర్ల మాట. కారు బ్యాటరీ మామూలుగా 35 ఆంపియర్ అవర్ల పైమాటే, అక్కడ ఏం తగిలించినా చెల్లిపోతుంది. 100, 125 సీసీ బండ్లలో ఉండేది 3 నుంచి 5 ఆంపియర్ అవర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో కూడా 8 మాత్రమే. పైగా 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే ద్విచక్ర వాహనాలకి ఇంజన్ తిరిగినంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఉంటుంది. అంటే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ ఇచ్చే దాంట్లో ఓ పెద్ద ముక్క పగలే లైటుకి పోతోంది. మిగిలిన దాంట్లోంచి పాటలు తీసుకోవాలి.

ఇదివరకు బ్యాటరీ దిగిపోతే కిక్కు కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు చాలా బండ్లకి కిక్కు లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. బ్యాటరీలో ఓపిక లేకపోతే పెట్రోల్ పంపు సరిగ్గా తిరగదు, పంపు తిరగకపోతే తోసినా బండి అందుకోవడం కష్టం. అందుకే ఈ పనిలో సౌండు రెండో సంగతి.

మల్టీమీటర్‌తో పావుగంట

ఏమీ కొనకముందు చేయాల్సిన పని ఇది. రాత్రంతా ఆపి ఉంచిన బండికి పొద్దున్నే, తాళం తిప్పకముందు, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూడండి. 12.6 నుంచి 12.8 మధ్య ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగమే. ముందు దాని సంగతి చూడాలి, పాటలు తర్వాత.

స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వెలుగుతుండగా యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి పట్టుకుంటే 13.8కి 14.5కి మధ్య రావాలి. 15 దాటితే రెగ్యులేటర్ రెక్టిఫయర్ (కాయిల్ కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చి అదుపులో ఉంచేది) పోతోందని అర్థం. అలాంటి బండికి యాంప్లిఫయర్ (స్పీకరు మోగేంతగా పాటని పెంచి ఇచ్చే బోర్డు) తగిలిస్తే మొదట చచ్చేది యాంప్లిఫయరే. చివరగా ఐడిల్‌లో, బ్రేక్ లైటు వెలిగేలా బ్రేకు నొక్కి, ఇండికేటర్ వేసి చూడండి. అప్పుడు కూడా 13కి పైన ఉంటే చిన్న సెట్టుకి చోటున్నట్టే. 12.5కి పడిపోతే, ట్రాఫిక్‌లో నిలబడ్డ ప్రతిసారీ పాట బ్యాటరీని తింటోందన్నమాట. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా సాయంత్రం ఆరింటికి వెళ్లేవాళ్లకి ఐడిల్ లెక్కే అసలు లెక్క.

బోర్డు

యాంప్లిఫయర్ బోర్డు పెట్టె మీద 100 వాట్లు, 200 వాట్లు అని రాసి ఉంటుంది. 12 వోల్టుల బండిలో అది రాదు, రాలేదు. లెక్క చిన్నదే. ఇలాంటి బోర్డుల్లో ఒక్కో చానెల్ స్పీకరుకి ఇవ్వగలిగిన గరిష్ఠ వాట్లు కావాలంటే, వోల్టేజీని వోల్టేజీతోనే గుణించి, స్పీకరు ఓమ్‌లకి రెట్టింపుతో భాగించాలి. 13 వోల్టులు, 4 ఓమ్‌ల స్పీకరు అయితే 169ని 8తో భాగిస్తే 21. చిప్‌లో పోయేది పోగా 17, 18 వాట్లు మిగులుతాయి. అదే 8 ఓమ్‌ల స్పీకరైతే అందులో సగం. అందుకే బండికి 4 ఓమ్‌ల స్పీకర్లే తీసుకోవాలి. వోల్టేజీని పెంచే కన్వర్టర్ లోపల ఉన్న కారు యాంప్లిఫయర్లు ఇంతకంటే ఎక్కువ ఇస్తాయి కానీ, అవి లాగే కరెంటు ఈ బ్యాటరీలు ఇవ్వలేవు.

చిప్‌ల విషయానికొస్తే, క్లాస్ డీ (కరెంటుని వేడి కింద పెద్దగా పోగొట్టని రకం) తప్ప ఇంకోటి వద్దు. టీడీఏ7297 లాంటి పాత తరహా చిప్ సౌండు బాగానే ఉంటుంది, 18 వోల్టుల దాకా తట్టుకుంటుంది కూడా, కాని తీసుకున్న కరెంటులో దాదాపు సగం వేడి కింద పోతుంది. దానికో పెద్ద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క), ఆ హీట్‌సింక్‌కి గాలి తగిలే చోటు కావాలి. సీటు కింద అది ఎక్కడ దొరుకుతుంది? పీఏఎం8610 చిన్నది, చవక, చాలామంది అదే పెడతారు. దాని హద్దు 15 వోల్టులు, మన బండి 14.5 ఇస్తుంది. అర వోల్టు సందులో బతికే చిప్ ఎన్నాళ్లుంటుందో చెప్పక్కర్లేదు. పీఏఎం8403 అయితే 5 వోల్టుల చిప్, 3 వాట్లు. బండి కదలగానే ఆ సౌండు గాల్లో కలిసిపోతుంది.

సరిపోయేవి టీపీఏ3116, టీపీఏ3118. రెండూ 26 వోల్టుల దాకా పనిచేస్తాయి, కాబట్టి బండి వోల్టేజీ ఎగిరిపడ్డా వాటికి ఊపిరి ఆడుతుంది. 3118కి బోర్డు రాగి పొరే హీట్‌సింక్, విడిగా అల్యూమినియం ముక్క అక్కర్లేదు, గతుకుల్లో ఊడిపడేదీ ఏమీ ఉండదు. బండికి అదే మేలు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఈ బోర్డులు, మాడ్యూళ్లు, కెపాసిటర్లు ఒక్కచోటే దొరుకుతాయి. కొనేటప్పుడు కెపాసిటర్ల మీద రాసిన వోల్టేజీ చూడండి. 16 వోల్టులవి పెట్టిన బోర్డు వద్దు, 25 అయినా ఉండాలి.

రెండు చానెళ్లూ పూర్తిగా మోగితే బోర్డు లాగేది 3 ఆంపియర్ల దాకా. పాట ఎప్పుడూ పూర్తిగా మోగదు, మధ్యమధ్యలో ఖాళీలుంటాయి, కాబట్టి సగటున ఆంపియర్ లోపే. దీన్నిబట్టి ఫ్యూజు 5 ఆంపియర్లు. బ్లేడు ఫ్యూజుల్లో లేత గోధుమ రంగుది. ఎర్రది 10 ఆంపియర్లు, అది పెడితే ఫ్యూజు పెట్టినట్టే కాదు.

చెవిలో జోరీగ

ఫోన్ నుంచి పాట అందుకునే బ్లూటూత్ మాడ్యూల్ తగిలించాక నూటికి తొంభై మందికి ఎదురయ్యేది ఒకటే ఫిర్యాదు: "పాట వెనక కుయ్‌మని ఒక రొద, యాక్సిలరేటర్ ఇస్తే అదీ పెరుగుతోంది." దీనికి స్పీకర్లు మారుస్తారు, బోర్డు మారుస్తారు, షాపువాడితో గొడవ పడతారు. తప్పు వాటిలో లేదు.

జరిగేది ఇది. బ్లూటూత్ మాడ్యూళ్లలో ఎక్కువ భాగం 5 వోల్టులవి. 12 వోల్టులు నేరుగా ఇస్తే పొగ, ఇంకో మాటే లేదు. అందుకని ఎల్ఎం2596 లాంటి బక్ కన్వర్టర్‌తో 5కి దించుతాం. ఆ కన్వర్టర్‌కి ఎర్తు, అంటే బ్యాటరీ మైనస్‌కి వెళ్లే వైరు, ఒక దారి. మాడ్యూల్ నుంచి యాంప్లిఫయర్‌కి వెళ్లే ఆడియో వైరులో కూడా ఎర్తు ఉంటుంది, అది రెండో దారి. ఒకే ఎర్తుకి రెండు దార్లు ఏర్పడితే బండి చార్జింగ్ కరెంటులోని అలలు, కన్వర్టర్ చప్పుడు ఆడియో ఎర్తు మీదుగా కూడా పారతాయి. యాంప్లిఫయర్‌కి అది పాటా రొదా తెలియదు, రెంటినీ పెంచి ఇస్తుంది.

ఇదేనా అని తేల్చుకోవడానికి మాడ్యూల్‌కి బండి కరెంటు తీసేసి, జేబులోని పవర్ బ్యాంకు నుంచి 5 వోల్టులు ఇవ్వండి. రొద ఠక్కున ఆగితే ఎర్తు దారే దోషి. ఆగకపోతే యాంప్లిఫయర్ ఇన్‌పుట్ పిన్నులు ఊడదీసి వాటిని ఇన్‌పుట్ ఎర్తుకే కలిపి చూడండి. అప్పటికీ మోగుతుంటే రొద యాంప్లిఫయర్ సప్లయ్‌లోంచే వస్తోంది. ఎర్తు వైరు ఫ్రేము బోల్టుకి కట్టారేమో చూడండి. పెయింటూ తుప్పూ ఉన్న బోల్టు ఎర్తు కాదు. బ్యాటరీ మైనస్ దగ్గరికే విడిగా వైరు లాగాలి.

ఎర్తు దారి తెంచడానికి మందు బీ0505ఎస్ అనే చిన్న నల్ల ముక్క. ఒకవైపు 5 వోల్టులు ఇస్తే రెండో వైపు మళ్లీ 5 వోల్టులే వస్తాయి, కాని మధ్యలో తీగ సంబంధం ఉండదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్. 1 వాటు ముక్క 200 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, మాడ్యూల్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు. బయటికొచ్చే వైపు 10 మైక్రో ఫారడ్ కెపాసిటర్ ఒకటి వేయండి. ఇక్కడ ఒక బోల్తా ఉంది. "ఎందుకీ రెండు మెట్లు, 12 నుంచి నేరుగా 5 ఇచ్చే బీ1205ఎస్ పెట్టేద్దాం" అని తెలివైనవాళ్లకే అనిపిస్తుంది. ఆ ముక్క వోల్టేజీని సరిచేయదు, నిష్పత్తిలో దించుతుందంతే. బండి 14.4 ఇస్తే అది 6 ఇస్తుంది, మాడ్యూల్ వారం తిరక్కుండానే పోతుంది. బక్‌తో 5కి దించి, మల్టీమీటర్‌తో సరిగ్గా 5.0 పెట్టుకుని, ఆ తర్వాతే బీ0505ఎస్. ఇంకో బోల్తా ఏమిటంటే, ఇంత చేసి మాడ్యూల్ ఎర్తును "ఎందుకైనా మంచిదని" బండి ఎర్తుకి కలపడం. అక్కడితో పెట్టిన ఖర్చు వృథా. మాడ్యూల్ ఎర్తు ఆడియో వైరు గుండా మాత్రమే యాంప్లిఫయర్‌ని చేరాలి.

సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లకి రెడీమేడ్ గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ దొరుకుతుంది, ఆడియో వైరు మధ్యలో పెట్టేది. చవక రకాలు బేస్ తగ్గించేస్తాయని ఇంటి సిస్టంల వాళ్లు తిడతారు. బండి మీద మూడంగుళాల స్పీకరుకి లేని బేస్ తగ్గితే ఎంత, తగ్గకపోతే ఎంత.

కుయ్‌మని కాకుండా టక టక టకమని, ఇంజన్ వేగంతో పాటు కొట్టుకునే చప్పుడైతే అది స్పార్క్ ప్లగ్గుది. ఆడియో వైరు ఇగ్నిషన్ కాయిల్ పక్కనుంచో, ప్లగ్గు వైరు మీదుగానో పోతోందేమో చూసి ఫ్రేముకి అవతలి వైపు నుంచి తిప్పండి. రెసిస్టర్ లేని పాత ప్లగ్గు, పాత క్యాపు ఉంటే రెసిస్టర్ రకంతో మార్చండి.

వైరింగు

బ్యాటరీ మైనస్ ముందు ఊడదీసి, అన్నీ అయ్యాక ఆఖరున బిగించడం ఆనవాయితీ. ప్లస్ బిగించేటప్పుడు స్పానర్ ఫ్రేముకి తగిలినా నిప్పు రాదు.

యాంప్లిఫయర్‌కి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే రావాలి, కాని తాళం ఆపితే ఆగిపోవాలి. ఈ రెండూ కుదిర్చేది రిలే, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, విడదీసే స్విచ్. బ్యాటరీ ప్లస్ నుంచి 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు, అక్కణ్నుంచి రిలే 30వ పిన్ను. 87 నుంచి యాంప్లిఫయర్ ప్లస్. 85 ఎర్తు. 86కి తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు. 87ఏ అనే పిన్ను కూడా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అది తాళం ఆపినప్పుడు కలిసేది. తొందరలో దాని మీద వైరు పెడితే బండి ఆపాక పాటలు మొదలవుతాయి. 85, 86 మధ్య ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు 86కి.

రిలే లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే ఏమవుతుందో లెక్క చూడండి. పాట మోగకపోయినా బోర్డు, బ్లూటూత్ కలిసి 80 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంటాయి. రోజుకి దాదాపు 2 ఆంపియర్ అవర్లు. 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న బండిని శనివారం ఆపి సోమవారం తీస్తే సెల్ఫ్ "టిక్" అనడం తప్ప ఏమీ చేయదు.

86కి వైరు ఎక్కడ అందుకోవాలన్నది బండిని బట్టి మారుతుంది, వైర్ల రంగులు కంపెనీ కంపెనీకీ వేరు. వెనక బ్రేక్ స్విచ్‌కి వచ్చే సప్లయ్ వైరు మంచి చోటు. తాళం తిప్పగానే 12, ఆపగానే సున్నా రావాలి, మీటరుతో తేల్చుకున్నాకే కలపండి. పాత బండ్లలో హెడ్‌లైట్ వైరు జోలికి పోవద్దు. చాలా వాటిలో అది బ్యాటరీ కరెంటు కాదు, కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), ఏబీఎస్ సెన్సార్ల వైర్లయితే చూడటానికే, కోయడానికి కాదు. వైరు చర్మం కోసి పట్టుకునే నీలం రంగు క్లిప్పులు షాపులో ఇస్తారు, రెండు నిమిషాల పని అంటారు. వాటి పళ్లు తీగల్ని సగం కోస్తాయి, మిగతా సగాన్ని వానాకాలం పచ్చగా చేస్తుంది.

టంకం పెట్టాలా, క్రింపు (తీగని లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) చేయాలా అన్నది ఎప్పటికీ తెగని వాదన. అదిరే బండి మీద క్రింపే నిలుస్తుంది. టంకం పీల్చుకున్న తీగ పుల్లలా బిగుసుకుపోయి, టంకం ఆగిన అంచు దగ్గర విరుగుతుంది. క్రింపు చేసి, మీద జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. నల్ల టేపు ఒక ఎండాకాలం దాటేసరికి జారిపోయి జిగురు మాత్రం మిగుల్చుతుంది.

యాంప్లిఫయర్ దగ్గర సప్లయ్‌కి అడ్డంగా పీ6కేఈ18ఏ అనే టీవీఎస్ డయోడ్ (బండ్ల కంపెనీ కాదు, డయోడ్ రకం పేరు) ఒకటి వేస్తే, బ్యాటరీ టెర్మినల్ లూజై వోల్టేజీ ఎగిరిపడినప్పుడు అది మింగేస్తుంది. గీత ఉన్న వైపు ప్లస్. ఇంకో చిన్న చిరాకు: సెల్ఫ్ నొక్కగానే బ్లూటూత్ తెగిపోయి మళ్లీ కలుసుకోవడం. సెల్ఫ్ మోటార్ లాగేటప్పుడు వోల్టేజీ కూలిపోతుంది. బక్ కన్వర్టర్‌కి ముందు 1ఎన్5822 డయోడ్, ఆ డయోడ్‌కీ కన్వర్టర్‌కీ మధ్య 4700 మైక్రో ఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ పెడితే, వేడి ఇంజన్ టక్కున అందుకునేంత సేపు మాడ్యూల్ బతికి ఉంటుంది. చలికాలం పొద్దున సెల్ఫ్ సాగదీస్తే మాత్రం తెగుతుంది, అది పట్టించుకోవద్దు.

స్పీకర్లు

టీపీఏ చిప్‌ల నుంచి స్పీకరుకి వెళ్లే రెండు వైర్లలోనూ సంకేతం ఉంటుంది. ఏదీ ఎర్తు కాదు. పాత కారు స్టీరియోలు చూసిన అలవాటుతో స్పీకర్ మైనస్‌ని బాడీకి కట్టేస్తే చిప్ వేడెక్కి ఆగిపోతుంది, లేదా పూర్తిగానే పోతుంది. ఒక్కో స్పీకరుకి రెండేసి వైర్లు, 0.75 చదరపు మిల్లీమీటర్లవి, జడలా మెలిపెట్టి తీసుకెళ్లండి.

కొనేటప్పుడు వాట్ల కంటే సెన్సిటివిటీ (ఒకే కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందన్న లెక్క) చూడాలి, డెసిబెల్స్‌లో రాసి ఉంటుంది. 86 డెసిబెల్స్ స్పీకరుకీ 89 స్పీకరుకీ తేడా మూడే కదా అనుకుంటాం, కాని ఆ మూడు డెసిబెల్స్ కోసం యాంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేయాలి. బ్యాటరీ నుంచి లాగలేని దాన్ని స్పీకర్ నుంచి ఉచితంగా తెచ్చుకోవడమే ఇది. కాగితం కోన్ వద్దు, ఒక్క ఆషాఢం చాలు దానికి. పాలీప్రొపిలిన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవి తీసుకోండి.

చోటు విషయంలో లెగ్ గార్డు మీద స్పీకర్లు చూడటానికి బాగుంటాయి. చెవికి మీటరు దూరం, ముందు చక్రం చిమ్మే బురదంతా వాటికే. హ్యాండిల్ మీద పెడితే చెవికి దూరం 60 సెంటీమీటర్లు, ఆ దగ్గరితనం వల్లే 4 డెసిబెల్స్ పైగా కలిసొస్తుంది. మన కమ్యూటర్ బండ్ల హ్యాండిల్ చాలావరకు 22 మిల్లీమీటర్ల గొట్టం, కొన్ని పెద్ద బండ్లకి 25 పైన. క్లాంపు కొనేముందు కొలవండి. బిగించాక హ్యాండిల్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి పూర్తిగా తిప్పి చూడాలి. వైరు బిగుసుకోకూడదు, ముఖ్యంగా యాక్సిలరేటర్ కేబుల్‌కి క్లాంపు కాని వైరు కాని అడ్డం పడకూడదు. ఇంజన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్ తిప్పితే రేజ్ పెరిగితే, అక్కడే ఆపి విప్పేయండి.

బేస్ ఆశ వదులుకోవాలి. ఆరుబయట, మూడంగుళాల స్పీకరు 150 హెర్ట్జ్ కింద చేసేది కోన్ ఊపుకోవడమే. ఆ ఊపుకి కరెంటు పోతుంది, గట్టిగా పెట్టినప్పుడు పాట చిట్లడం కూడా దాని వల్లే. ప్రతి స్పీకరు ప్లస్ వైరులో ఒక 220 మైక్రో ఫారడ్ నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ వరుసగా పెడితే, 4 ఓమ్‌లకి 180 హెర్ట్జ్ కింద కోత పడుతుంది. మద్దెల ఎటూ వినబడేది కాదు, గొంతు మాత్రం తేటపడుతుంది. మామూలు పోలార్ కెపాసిటర్ పెడితే పేలొచ్చు.

రెండు స్పీకర్లూ ఒకేవైపు కదులుతున్నాయో లేదో ఒక పెన్సిల్ సెల్లుతో చూడొచ్చు. సెల్ ప్లస్ స్పీకరు ప్లస్‌కి తాకిస్తే కోన్ బయటికి రావాలి. కెపాసిటర్ పెట్టకముందే చూడండి. ఒకటి లోపలికి పోతే దాని వైర్లు తారుమారు చేయండి. తారుమారుగా వదిలేస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని పాట పల్చగా వినిపిస్తుంది.

నీళ్లు, అదురు, ఎండ

బోర్డుల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. ఇనప డబ్బా గట్టిదే, కాని బ్లూటూత్ తరంగాలు దాన్ని దాటవు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని లోహం అడ్డుకుంటుంది, నీళ్లు పీల్చేస్తాయి. మనిషి ఒళ్లు చాలావరకు నీళ్లే. సీటు కింద డబ్బా, ప్యాంటు వెనక జేబులో ఫోను ఉంటే దగ్గరే ఉన్నా పాట తెగుతుంటుంది. ఛాతీ జేబులోకో, హ్యాండిల్ మీది హోల్డర్‌లోకో మారిస్తే పోతుంది. మాడ్యూల్‌లో వంకర్లు తిరిగిన రాగి గీత యాంటెన్నా, ఆ చివర వైర్ల కట్టల కింద నొక్కుకుపోకుండా చూడండి.

డబ్బాకి వైర్లు కింది వైపు నుంచే వెళ్లాలి, కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకుని నీళ్లు ఆపే బిరడా) గుండా. వైరు డబ్బాలోకి వెళ్లేముందు ఒక వంపు కిందికి దిగి పైకి లేస్తే నీటి చుక్క ఆ వంపు దగ్గర రాలిపోతుంది. సందులు మూయడానికి సిలికాన్ వాడేవాళ్లు వాసన చూసి కొనండి. పుల్లటి, వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లాన్ని వదులుతుంది, ఆ మూసిన డబ్బాలో రాగినంతా తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది కావాలి. స్పీకర్ డబ్బాలకి అడుగున 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వదలండి, ఎలాగూ నీళ్లు చేరతాయి, వెళ్లే దారి ఉండాలి.

రెడీమేడ్ సెట్టు మీద ఐపీ67 అని చూసి ధైర్యపడొద్దు. మీటరు లోతు నిలకడ నీటిలో అరగంట ఉంచి చేసే పరీక్ష అది. వాటర్ సర్వీసింగ్‌లో గన్ పట్టి కొట్టే నీటికి దానితో సంబంధం లేదు. వానలో ఏళ్ల తరబడి నడిచిన సెట్లు సర్వీసింగ్ రోజున పోవడం అందుకే. బండి ఇచ్చేటప్పుడు స్పీకర్ల మీద కవర్లు కట్టి ఇవ్వడం నయం.

పెద్ద కెపాసిటర్ల మొదట్లో, వాల్యూమ్ పాట్ (తిప్పే వాల్యూమ్ బటన్) కాళ్ల దగ్గర హాట్ గ్లూ చుక్కలు వేయండి, అదురుకి టంకాలు చిట్లేది అక్కడే. అసలు వాల్యూమ్ పాట్ లేని బోర్డు ఇంకా నయం. డబ్బా కింద రబ్బరు ముక్క వేయండి. సైలెన్సర్ వైపు, రెగ్యులేటర్ పక్కన పెట్టొద్దు, రోహిణి కార్తెలో సీటు కింద ఉండే వేడే చాలు.

ఫోను

ఫోన్ వాల్యూమ్ 80, 90 శాతంలో ఉంచి బోర్డు గెయిన్ (సంకేతాన్ని ఎంత పెంచాలన్న సెట్టింగు) తక్కువ పెట్టుకుంటే బుస్సుమనే చప్పుడు తగ్గుతుంది. టీపీఏ చిప్‌లకి 20, 26, 32, 36 డెసిబెల్స్ అని నాలుగు మెట్లున్నాయి, 26 చాలు. ఆండ్రాయిడ్‌లో వాల్యూమ్ దానంతటదే ఎగిరి దూకుతుంటే డెవలపర్ ఆప్షన్లలో అబ్సల్యూట్ వాల్యూమ్ ఆపేయండి. ఈక్వలైజర్‌లో బేస్ బూస్ట్ తీసేసి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ కొంచెం ఎత్తండి, గాలిలో మాట నిలబడేది అక్కడ.

ఫోన్ హోల్డర్ స్పీకరుకి ఆనుకుని ఉంటే మ్యాప్ దిక్కులు తప్పుతుంది, స్పీకర్ అయస్కాంతం ఫోన్ దిక్సూచిని లాగుతుంది. ఖరీదైన ఫోన్‌ని అసలు హ్యాండిల్‌కే కట్టొద్దు. పెద్ద ఇంజన్ల అదురుకి కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లో తానే హెచ్చరించింది.

ఏ వేగం దాకా

బండికి బయట బిగించిన స్పీకర్లు ఊళ్లో తిరిగే 40, 50 వేగానికి. 60 దాటాక హెల్మెట్ చుట్టూ గాలి హోరే పైచేయి అవుతుంది, అప్పుడు ఎన్ని వాట్లు పోసినా ఆ హోరుతో పోటీ. హైవే మీద తిరిగేవాళ్లు ఈ వైరింగంతా మానేసి హెల్మెట్ ఇంటర్‌కమ్ (హెల్మెట్ లోపల పెట్టుకునే బ్లూటూత్ స్పీకర్ల సెట్టు) కొనుక్కోవడమే మంచిది. దాంట్లో సగం ఫలితం స్పీకరు పెట్టే చోటుని బట్టే ఉంటుంది. చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా, చెవికి తగిలీ తగలనట్టు ఉండాలి. చెవి గుంట సరిపోకపోతే గుడ్డ పాడింగ్ సర్దండి కాని లోపలి థర్మాకోల్ చెక్కొద్దు. తలని కాపాడేది ఆ థర్మాకోలే, చెక్కాక ఐఎస్ఐ గుర్తు స్టిక్కర్‌తో సమానం. 85 డెసిబెల్స్‌ని చెవి 8 గంటలు ఓర్చుకుంటుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 100కి పావుగంటే. హోరు మీద పాట పెంచేవాళ్లు ఆ పావుగంటని ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వెళ్లేలోపే ఖర్చుపెట్టేస్తారు.

బయటికి మోగే సెట్టుకి ఇంకో కట్టడి ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా, ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించొచ్చు. ఆ వేళల్లో, ఆ చోట్ల సెట్టు ఆపేయాలి. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద కూడా సౌండు పూర్తిగా తీసేయాలి. అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా పోతుంటుంది, హెల్మెట్‌లో వినేవాళ్లు పాటలు ముందే దించుకుని ఉంచుకోవాలి. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడపడమే. పాట మార్చాలంటే బండి ఆపండి, లేదా హ్యాండిల్‌కి చిన్న బ్లూటూత్ బటన్ పెట్టుకోండి.

అంతా బిగించాక

ఐడిల్‌లో ఫుల్ సౌండు పది నిమిషాలు పెట్టి ఫ్యూజు హోల్డర్ ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే క్రింపు సరిగ్గా పడలేదు. వైర్ల కట్టని ఒక్కోచోట పట్టుకుని ఊపండి, ఎక్కడ పాట తెగితే లూజు అక్కడ. మగ్గుతో నీళ్లు పోసి, గంట ఆగి డబ్బా మూత తీసి చూడండి.

చివరగా, తాళం ఆపి బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి, మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య వరుసగా కలపండి. కొన్ని మిల్లీ ఆంపియర్లు మాత్రమే రావాలి, అది బండి గడియారం, ఈసీయూ తీసుకునేది. 50, 80 చూపిస్తే మీ బోర్డుకి రిలే దాటి ఎక్కడో కరెంటు అందుతోంది. మీటరు అలా ఉన్నంతసేపూ తాళం తిప్పడం కాని సెల్ఫ్ నొక్కడం కాని చేయకండి, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. ఆ ఫ్యూజు కోసం మళ్లీ గుజరాతీ గల్లీకే వెళ్లాలి.